ఆంటీ లెక్కలో ఆరో అమ్మాయి

కిందటి వారం మంగళవారం పొద్దున్నే పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. "ఆంటీ ప్రభువునందు నిద్రించారమ్మా," అన్నారు. నేను డ్యూటీకి బయల్దేరుతూ కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. ఎప్పుడు, ఎలా అని అడగాల్సింది పోయి, "చర్చి హాలు తాళంచెవి ఎక్కడుందండీ?" అని అడిగాను. ఆవిడ ఏమనుకున్నారో ఏమో. అలా ఎందుకడిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

న్యూజిలాండ్‌లో మా ఊరు లోవర్ హట్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆవిడ ఆంటీయే. ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. కొత్త శతాబ్దం మొదలైన రెండు మూడేళ్ళకి నేను నర్సింగ్ చదవడానికి వచ్చి, వాళ్ళ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ఊళ్ళో ఆడపిల్లలంతా నెట్‌బాల్ ఆడుతుంటే, మా పాలిటెక్నిక్‌లో మేం అయిదుగురం ఆడపిల్లలం బాస్కెట్‌బాల్ అంటూ తిరిగేవాళ్ళం. మాకు కోచ్ లేరు, కోర్టు లేదు, అలిసిపోతే దింపడానికి ఆరో మనిషి లేదు. ఆంటీ ఆ సంగతి విని చర్చి హాలు అడిగి ఇప్పించింది. బుధవారం సాయంత్రం చీర మీద స్వెటరు, మెడలో విజిలు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లతో తనే వచ్చేసింది.

"ఏమే, కాళ్ళకి మేకులు కొట్టారా? కదలండే!" అని అరిచేది. జట్టులో నేనొక్కదాన్నే తెలుగు పిల్లని. మిగతా నలుగురికీ ఆ తిట్లు అర్థమయ్యేవి కావు గానీ, వాళ్ళ కాళ్ళు మాత్రం నాకంటే ముందు కదిలేవి. ఈ ఆట ఆవిడకి ఎలా వచ్చని నేను అడగనేలేదు. పెద్దవాళ్ళకీ ఒకప్పుడు మన వయసు ఉండేదని అప్పట్లో తోచదు కదా.

ఆట అయ్యాక తలుపు దగ్గర నిలబడి, బయటికొస్తున్న ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ పైకే లెక్కపెట్టేది. అయిదు దాకా వచ్చి ఆగేది. ఖాళీ హాల్లోకి చూసి, ఎవరో పక్కనుంచి వెళ్తున్నట్టు కాస్త ఒత్తిగిల్లి, "ఆరు" అనేది. అప్పుడు తాళం వేసేది. ఆ హాల్లో లైటు మనిషి కదిలితే వెలిగే రకం. ఎవరూ లేకపోతే కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. అది ఆరేదాకా కిటికీలోంచి చూసి గానీ ఆవిడ కారెక్కేది కాదు.

"అయిదుగురమే కదా ఆంటీ," అన్నానొకసారి.

"థియేటర్లో ముప్ఫై ఏళ్ళు దూది ఉండలు లెక్కపెట్టినదాన్ని, నాకు లెక్కలు చెప్తున్నావా? లెక్క తేలకుండా కుట్టూ వెయ్యకూడదు, తలుపూ వెయ్యకూడదు."

పెద్దావిడ చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

ఆ చలికాలం ఒక బుధవారం ఆంటీకి జ్వరం వచ్చి, తాళంచెవి నాకిచ్చి పంపింది. చలికి వణుకుతూ నేను లెక్కా గిక్కా లేకుండా తాళం వేసి వచ్చేశాను. ఇంట్లో అడుగు పెట్టగానే, "ఎంతమంది?" అంది. లెక్కపెట్టలేదన్నాను. జ్వరంతోనే లేచి కోటు తొడుక్కుంది.

మేం వెళ్ళేసరికి హాల్లో లైటు వెలుగుతూనే ఉంది. నేను తాళం వేసి వచ్చేసి అరగంట దాటింది. ఆంటీ తలుపు తీసి, "రావే, అన్నం చల్లారిపోతోంది," అంది, చిన్నప్పటి స్నేహితురాల్ని పిలిచినట్టు. నా మోచేతి పక్కనుంచి తడి బట్ట రాసుకుపోయినట్టయింది. "ఆరు," అని తాళం వేసింది. కాసేపటికి లైటు ఆరిపోయింది. లైటు పాడైనట్టుంది ఆంటీ అన్నాను గానీ, నిజంగా భయపడ్డాను.

ఇంటికొచ్చాక చారన్నం ముందు పెట్టుకుని చెప్పింది.

"ఆ ఆరోది నా స్నేహితురాలే. మా కాలేజీలో మొదట బంతి పట్టిన ఆడపిల్ల అదే. పీపాకుండే ఇనప చుట్టు తెచ్చి స్తంభానికి కొట్టించింది. ముగ్గుపిండితో కోర్టు గీసింది. ఓణీలు బిగించి, వట్టి కాళ్ళతో ఆడేవాళ్ళం. మగపిల్లలు గోడెక్కి ఈలలు వేస్తే, 'చూడనీ, టికెట్టు లేదుగా' అనేది. మొదటిసారి పై ఊరెళ్ళి ఆడి గెలిచాం. కెప్టెన్ని నేనే. తిరిగొచ్చేటప్పుడు రైలెక్కాం. సందె చీకటి, వాన. వెంట వచ్చిన మేడమ్ గారు లెక్కపెట్టమన్నారు. అందరూ శాలువాలు కప్పుకుని జోగుతున్నారు. ఆరు తలకాయలు లెక్కపెట్టి, అందరం ఉన్నామన్నాను. బండి కదిలింది."

ఆంటీ కంచం పక్కకి జరిపింది.

"ఆరోది బంతి. తన చోట శాలువా కింద బంతి పెట్టి, ఆ పిల్ల కూజాలో నీళ్ళు పట్టడానికి దిగింది. కదిలే బండి ఎక్కబోయి, జారి చక్రాల కింద పడి చచ్చిపోయిందట."

ఆ వారమే కాలేజీవాళ్ళు ఇనప చుట్టు పీకేశారు. ఆడపిల్లలకి ఆట వద్దన్నారు. గెలిచిన సంగతి ఎక్కడా రాయలేదు, ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు.

"దాన్ని నేనే వదిలేసి వచ్చాను. నేను పోయాక లెక్క నువ్వు పెట్టమ్మా. మళ్ళీ వదిలెయ్యకండి."

మాటిచ్చాను. మర్నాడు జట్టులో మిగతావాళ్ళకీ చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ తర్వాత ప్రతి బుధవారం అందరం కలిసి ఆరు దాకా లెక్కపెట్టేవాళ్ళం. నాకు ఉద్యోగం వచ్చి, ఇక్కడే సెటిలై, ఇప్పుడు చర్చి ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నానంటే ఆంటీ చలవే. ఆఖరి రెండేళ్ళూ కోర్టు మూల కుర్చీలో కూర్చుని నా తప్పులు ఎంచేది. ఆ గొంతు లేకుండా నాకు ఆడించడం రాదు.

శనివారం సమాధి చేసి వచ్చాం. ఆంటీ హ్యాండ్‌బ్యాగులో దొరికిన తాళంచెవి పాస్టరమ్మ గారు నా చేతిలో పెట్టారు. నిన్న బుధవారం. నాకు మనసు లేకపోయినా, వచ్చిన అయిదుగురు పిల్లల్నీ ఆడించాను. తలుపు దగ్గర నిలబడి అయిదు దాకా లెక్కపెట్టి, ఒత్తిగిల్లి, ఆరు అన్నాను. తాళం వేశాను.

లైటు ఆరలేదు. అయిదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం. పిల్లల్లో చిన్నది నా చెయ్యి పట్టుకుని, "లోపల ఎవరైనా ఉన్నారా ఆంటీ?" అంది.

అప్పుడు తెలిసింది. తాళం తీసి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను. మూల కుర్చీ ఖాళీగా ఉంది.

"రండి ఆంటీ, అన్నం చల్లారిపోతోంది," అన్నాను.

చలిగాలిలో కొంతసేపు అలాగే నిలబడి, "ఏడు" అని తాళం వేశాను. హాల్లో లైటు ఆరిపోయింది.