లప్పం కత్తితో వేసిన పాలపిట్ట

మొన్న మా మనుమరాలు బల్ల మీద అక్రిలిక్ రంగులు పిండుకుని, కుంచె ముట్టకుండా చిన్న కత్తితో మెత్తి మెత్తి ఒక పిట్టను వేస్తుంటే, ఇంట్లో వాళ్లంతా చుట్టూ చేరి అబ్బ, ఎంత బాగుందో అని మురిసిపోతుంటే, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు లెండి, ఎప్పుడో పోయిన మా మామగారి మీద. పోయినవాళ్లను తిట్టకూడదంటారు, నా ఈడు వాళ్లు మీరే చెప్పండి, వాళ్లు బతికుండగా మనం నోరెత్తామా?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో హుజూరాబాద్ నుంచి నిర్మల్‌కు కోడలిగా వెళ్లాను. అత్తవారిది కొయ్య పలకల మీద బొమ్మలు వేసే ఇల్లు. మామ కుంచె పడితే పిట్ట ఒంటి మీది ఈకలు లెక్కపెట్టవచ్చు, ఆ మాట కాదనను. కాని ఆ కుంచెలు ఆడవాళ్లు ముట్టరాదని ఆయన కట్టడి. చింతగింజల జిగురులో సుద్ద కలిపి లప్పం చేయడం, దాన్ని కత్తితో పలకకు పూసి నున్నగా చేయడం, అంతవరకే నా పని. పుట్టింట్లో గోడల నిండా బొమ్మలు వేస్తూ పెరిగినదాన్ని, ఆ కుంచెల డబ్బా వైపు చూస్తూ ఏళ్లకేళ్లు లప్పం పూశాను. ఒక్కసారి నా చేతికి కుంచె ఇస్తే చాలు, ఇంకేమీ అడగనని అనుకునేదాన్ని.

ఒక దసరా ముందు రోజు, మామ బజారుకు వెళ్లినప్పుడు, చిప్పల్లో మిగిలిన రంగులను లప్పంలో కలిపాను. కుంచె ముట్టవద్దన్నాడు గాని కత్తి ముట్టవద్దనలేదు కదా! పనికిరాదని పక్కన పడేసిన పెద్ద పలక మీద ఆ కత్తితోనే పాలపిట్టను వేశాను. రెక్కకు మందంగా నీలం ఒక్క గుంజు, ఎదకు ఇటుక రంగు రెండు పూతలు, అంతే. ఈక లేదు, గీత లేదు, ఎగిరే ఊపు మాత్రం ఉంది. ఆరడానికి వసారాలో గోడకు ఆనించాను.

తెల్లవారితే పండుగ. మా అత్తకు కళ్లకు పొర కమ్మి చాలా ఏళ్లయింది; దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని పొలాల దాకా తీసుకుపోయినా ఆమెకు అది కనిపించేది కాదు, అందరూ అదిగో అంటే అటువైపు దండం పెట్టి కళ్లు తుడుచుకునేది. ఆ పొద్దున గోడ పట్టుకుని వసారాలోకి వచ్చినామె, నా పలక ముందు నిలబడిపోయి రెండు చేతులూ జోడించింది.

"పాలపిట్ట అవుపడ్డదే పిల్లా!"

మామ లేచి వచ్చి చూశాడు. "గిది పిట్టనా? గోడకు కొట్టిన పిడక లెక్కున్నది," అన్నాడు.

అత్త ఆయన వైపు తిరగకుండానే అంది, "ఇన్నేండ్ల సంది నువ్వేసిన పిట్టలు నాకొక్కటన్న అవుపడ్డదా?"

ఆ మాటే కొంప ముంచింది. మామ నా కత్తి తీసుకుని, పండుగపూట, ఆమె ముందరే ఆ పిట్టను కొయ్య తేలేదాకా గీకేశాడు. ఏం గీకుతున్నవని అత్త అడుగుతూనే ఉంది, ఆయన గీకుతూనే ఉన్నాడు. తరువాత ఆ పలక నా ముందు పడేసి లప్పం పూయమన్నాడు. సిగ్గులేనిదాన్ని, పూశాను. ఆ తరువాత అత్త బతికినన్నాళ్లూ ప్రతి దసరాకూ ఆ గోడ దగ్గర నిలబడి పిట్ట ఏదని అడిగింది. మామ పోయేదాకా ఆయనకు అన్నం పెట్టాను గాని మొహం చూసి మాట్లాడలేదు. కుంచె నా చేతికి రానే లేదు.

మొన్న మనుమరాలు కత్తి నాకిచ్చి, నువ్వొకటి వెయ్యి నానమ్మా అంది. మందంగా నీలం తీసుకుని ఒక్క గుంజు గుంజాను, చేయి ఆగిపోయింది. వెనక నుంచి తిట్టు వినబడుతుందని కాచుకుని ఉన్నానని కాసేపటికి గాని నాకే తెలియలేదు. ఇప్పుడు పిల్లలు ఏం వేసినా మెచ్చుకునేవాళ్లే, మంచిదే. ఎలాగో పిట్టను పూర్తి చేశాను. అందరూ బాగుందన్నారు. ఎవరూ దండం పెట్టలేదు, ఎవరూ గీకెయ్యలేదు. ఫోనులో ఫోటో తీసుకుని లేచిపోయారు.