దుర్గాబాయి అడిగి వేయించుకున్న జుర్మానా

దుర్గాబాయి నోరు మంచిది కాదని శామీర్‌పేట నుంచి సుచిత్ర దాకా అందరికీ తెలుసు. సుచిత్ర చౌరస్తాలో రోడ్డు పక్కన చేపల గంప ముందు ఆమె కూర్చుంటే, బేరానికి వచ్చినవాళ్లు ముందు గొంతు సవరించుకునేవాళ్లు. "తాజాదేనా అమ్మా ఇది?" అని అపార్ట్‌మెంటు లలితకుమారిగారు చేపను రెండు వేళ్లతో ఎత్తి చూస్తే, "నీళ్లల్లకెల్లి ఒచ్చి గంట గాలే. నువ్వు లేసి గంటైందా?" అని అడిగేది. లలితకుమారిగారిది కోస్తా, చేప సంగతి తెలిసిన మనిషి. మూతి ముడుచుకునేవారు, కొనుక్కుని వెళ్లేవారు, మళ్లీ ఆదివారం వచ్చేవారు.

ఆ చేపలు శామీర్‌పేట దాటి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న చెరువువి. దాని మీద చేపలు పట్టేవాళ్ల సంఘం ఉంది, సభ్యులందరికీ పట్టిన చేపల్లో వాటా ఉంది. దుర్గాబాయి మొగుడు సిద్దయ్య చాలా ఏళ్లు ఆ సంఘానికి పెద్ద. వానలు పడి చేపలు గుడ్ల మీద ఉండే రెండు నెలలు చెరువులో ఎవరూ వల వేయకూడదనీ, వేస్తే ఆ వలను కట్ట మీద కాల్చి, ఏడాది పాటు వాటా బంద్ చేయాలనీ కట్టుబాటు పెట్టింది ఆయనే. ఆ జుర్మానా మొదట పడింది సొంత తమ్ముడు బాలరాజుకే. దోమతెర లాంటి వలతో వేలెడు చేపపిల్లలను కూడా ఊడ్చుకుపోతూ దొరికాడు. తమ్ముడు కదా అని సిద్దయ్య కాసేపు తటపటాయించాడు. దుర్గాబాయి తటపటాయించలేదు, అగ్గిపెట్టె తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. బాలరాజు ఆ ఏడాదంతా సూరారంలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసి బతికాడు. వదిన మీద కోపం మాత్రం అప్పటి నుంచి ఇప్పటి దాకా చల్లారలేదు.

మొన్న మృగశిర వెళ్లాక సిద్దయ్య గుండెనొప్పితో పోయాడు. అప్పటికే బాలరాజు సంఘానికి పెద్ద అయి కూర్చున్నాడు. మొగుడి వాటా పెండ్లానికి రావడం ఆనవాయితీ. దాన్ని ఆపలేక పళ్లు నూరుకున్నాడు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి, ముట్టితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. అన్నం, కల్లు, మేకకూర, మేడ్చల్ మార్కెట్లో కొన్న చేప, అన్నీ పెట్టారు. కాకులు వచ్చి గోడ మీద కూర్చున్నాయి, చూశాయి, ఎగిరిపోయాయి. "ఏం మనసుల పెట్టుకొని పోయిండో," అన్నారు చుట్టాలు. ఏం పెట్టుకుని పోయాడో దుర్గాబాయికి తెలుసు. ఆ మనిషి జన్మలో మార్కెట్ చేప ముట్టలేదు. తన చెరువు కొర్రమట్ట తప్ప ఇంకోటి కంచంలో పడితే పక్కకు నెట్టేవాడు. కాకి ముట్టలేదన్న మాట ఆమెను నిద్రపోనివ్వలేదు.

వల వేయకూడని నెలలు అవి. అయినా పదకొండోనాడు, పెద్దదినం పొద్దున్నే, మొగుడి తెప్ప మీద వెళ్లి మొగుడి వల వేసింది. ఒక్క కొర్రమట్ట పడింది. కోస్తే పొట్ట నిండా గుడ్లు. చేయి ఆగింది, అయినా వండింది. విస్తరి పెట్టీ పెట్టగానే కాకి వచ్చి ముట్టింది. చుట్టాలందరూ చేతులు జోడించారు. బాలరాజూ జోడించాడు, విస్తరిలోని చేప తలను చూసి లోలోపల నవ్వుకున్నాడు.

మర్నాడే కట్ట మీద సంఘం కూర్చుంది. దుర్గాబాయి వల చుట్టి చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చింది, తిరిగి తిట్టడానికి ఇంకా బాగా సిద్ధపడి వచ్చింది. తీరా చూస్తే బాలరాజు గొంతులో తేనె కారుతోంది.

"వదినా, మొగుడు పోయిన దుఃఖంల ఉన్నవ్. కట్టుబాటు యాదికి లేకుండె, తెల్వక ఏసిన అను, గంతే. సంఘం మాఫ్ జేస్తది. నీ వాటా యాడికి పోదు."

"అను బిడ్డా," అన్నాడు అందరిలోకీ పెద్దవాడైన ఇస్తారి. "ఒక్క మాటనే గదా."

ఏడాది తిండి ఆ ఒక్క మాటలో ఉంది. అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. అప్పుడు కట్ట కింద ఆగి ఉన్న ట్రాలీ ఆటో కంట్లో పడింది. దాని నిండా ఐస్ డబ్బాలు, పక్కన మేడ్చల్ చేపల సేటు. బోనాల ఆదివారాలు వస్తున్నాయి, చేపకు మంచి గిరాకీ.

"గా సేటు ఎందుకొచ్చిండు బాలరాజూ?"

"ఎవలో ఒస్తరు, పోతరు. నీ సంగతి జెప్పు."

"నా సంగతే జెప్తున్న. ఇయ్యాల నాకు మాఫ్. రేపు నీ తెప్పలు దిగుతయ్. ఎవలన్న అడిగితే, దుర్గాబాయికి ఇడిశిపెట్టి మాకెందుకు ఎయ్యాలె జుర్మానా అంటవ్. గిదే గదా నీ మతలబు?"

బాలరాజు ముఖం మాడిపోయింది. "దయ జూపిస్తుంటే గిట్ల మాట్లాడ్తవా? కండ్లు నెత్తికెక్కినయ్ నీకు!"

"నీ దయను గా డబ్బాలల్ల పెట్టి మీదికెల్లి ఐస్ పొయ్యి." ఆమె సంఘం వైపు తిరిగింది. "ఇనుండ్రి అందరు. కట్టుబాటు నాకు తెల్సు. తెలిసే ఏసిన. చేప కడుపుతోని ఉండె, అది గూడ జూసిన. జుర్మానా ఎయ్యుండ్రి."

అంత బాహాటంగా ఒప్పుకున్నాక వదిలేయడానికి సంఘానికి దారి లేకపోయింది. ఇస్తారి తల దించుకుని ఆమె చేతిలోంచి వల తీసుకున్నాడు. వల కాలిపోయింది. ఏడాది వాటా బంద్ అని బాలరాజు తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. సేటు ఖాళీ డబ్బాలతో తిరుగుముఖం పట్టాడు.

"ఏం తిని బతుకుతవో జూస్త," అన్నాడు బాలరాజు.

"సూడు. రోజూ గీ కట్ట మీదనే కూసుంట, కండ్లారంగ సూడు. నీ తెప్ప ఎట్ల దిగుతదో నేను గూడ జూస్త."

అంత మాట అని, తల ఎత్తుకుని ఇంటికి వెళ్లి, తలుపు గడియ వేసుకున్నాక కూలబడిపోయింది. మొగుడు పోయిన రోజు నలుగురి మధ్య ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఇది ఆకలి భయం. కాపురం చేసినన్నాళ్లూ ఒక్కసారి కూడా నోట పలకని మొగుడి పేరును ఆ రోజు పలికింది.

"సిద్దయ్యా! నువ్వైతే కడుపునిండ తిని పోయినవ్. నన్ను ఎండబెట్టి పోయినవ్ గదరా!"