చేపల బండిలో అరకు విహారం

ఉద్యోగం కొత్తలో కొందరికి ఇంటివాళ్లను చూస్తే నామోషీ, ఆఫీసువాళ్లను చూస్తే భక్తీ పుట్టుకొస్తాయి. ఆ రోజుల్లో నాకు రెండూ దండిగా ఉండేవి. మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఐదు నెలలైంది, ఇంకా పర్మినెంట్ కాలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా టీమ్ లీడ్. ఆయనకి ఫోన్లో క్యాంపర్‌వ్యాన్ వీడియోల పిచ్చి. వ్యాన్ వెనక తలుపు తీసి, కొండకేసి కాళ్లు చాపుకుని కాఫీ తాగే జనాన్ని చూసి తెగ నిట్టూర్చేవాడు. (ఆ వీడియోల్లో ఎవడికీ చెమట పట్టదు, ఎప్పుడైనా గమనించారా?) ఒకరోజు ఆ నిట్టూర్పు భరించలేక, "మా ఇంట్లో అలాంటిదొకటి ఉంది సార్" అనేశాను.

మా ఇంట్లో ఉన్నది మా అక్క మొగుడి చేపల బండి. ఫిషింగ్ హార్బర్లో వేలం కాగానే చేపల్ని ఐసులో పరుచుకుని ఊళ్లమ్మట తిరిగే మూత బండి. మాది చేపల పనివాళ్ల కుటుంబమని ఆఫీసులో చెప్పలేదు. "బీచ్ వైపు ఉంటాం" అనేవాణ్ని, అక్కడికేదో బంగళా ఉన్నట్టు. బావ మంచివాడు, ఆఫీసువాళ్లతో అరకు వెళ్లాలని అడగ్గానే బేరం మానుకుని ఐసు పెట్టెలు దించి, రెండు రోజులు కడిగి, తన సీటు వెనక గోడకి చిన్న కిటికీ కోసి, పరుపు కూడా వేశాడు. అక్క తన చీర చింపి కర్టెన్ కుట్టింది. గోడల నిండా థర్మాకోల్ ఉంది కదా, ఐసే కరగని చోట మనిషికి ఉక్కేమిటని నా ఇంజనీరింగ్ బుర్ర తేల్చేసింది.

"ఐసుంటే సల్లగుంటాది బావమర్దీ. ఐసు నేకపోతే అది పొయ్యే. లోపలి ఏడి బయటికెల్దు" అన్నాడు బావ. నాలుగేళ్లు కాలేజీలో చదివినవాణ్ని, ఐసు మోసేవాడి మాట వింటానా?

మే నెల మిట్టమధ్యాహ్నం శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాం. ముందు బావ నడుపుతున్నాడు, వెనకాల టీమ్ లీడ్, మరో ఇద్దరు ఉద్యోగులు, నేను. బండి ఫస్ట్ గేర్లో మూలుగుతోంది, మేం లోపల ఉడుకుతున్నాం. టీమ్ లీడ్ చొక్కా విప్పేశాడు, బనీను కూడా విప్పుతాడేమోనని భయపడ్డాం. నాలుగో మలుపు దగ్గర వాసన లేచింది. ఎన్నేళ్ల కిందటి వంజరాలో, ఎన్ని తట్టల కానాగంత చేపలో, ఆ వేడికి చెక్కల సందుల్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చి మమ్మల్ని పలకరించాయి. టీమ్ లీడ్ రుమాలు ముక్కుకి నొక్కుకుని, "ఏంటిది? ఈ బండి ఎవరిది?" అన్నాడు.

మా బావది అనడానికి రెండు మాటలు చాలు. నేను మాత్రం, "మా వ్యాన్ సర్వీసుకెళ్లింది సార్, ఇది అద్దెకి తెచ్చాను. ఆ డ్రైవర్ మోసం చేశాడు" అన్నాను. కిటికీలోంచి బావ మెడ కనిపిస్తోంది. ఆ మెడ తిరగలేదు. అంత నీచపు మాట నేను మళ్లీ ఎప్పుడూ అనలేదు.

అనంతగిరిలో టీమ్ లీడ్, ఆ ఇద్దరూ దిగి అరకు బస్సెక్కేశారు. నేను సిగ్గు లేకుండా వెళ్లి బావ పక్కన కూర్చున్నాను.

"ఎక్కడ దింపమంటారు సార్?" అన్నాడు.

"బావా, అది కాదు..."

"డ్రైవర్ని సార్. అడ్రస్ సెప్పండి."

విశాఖపట్నం దాకా అదే వరస. ఇంటి ముందు ఆపి అక్కతో, "ఈ సార్ని మీ ఇంటికాడ దింపమన్నారమ్మా" అని తాళం చెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. "ఏటి సేసినావురా?" అంది అక్క. బండిలో వేలాడుతున్న ఆ చింపిన చీర వంక చూడకుండా ఇంట్లోకి నడిచాను.

మర్నాడు తెల్లారకముందే, ఎవరూ పిలవకుండానే హార్బర్‌కి వెళ్లాను. బావ నన్ను చూడనట్టే ఐసు పెట్టెలు బండిలోకి ఎక్కిస్తున్నాడు. నేనూ ఒకటి ఎత్తబోయి కాలి మీద వేసుకున్నాను. ఆఫీసు చొక్కా మీదే ఇంకోటి ఎత్తాను. చేపలు కొనడానికొచ్చిన ఒకావిడ నా వాలకం చూసి నవ్వి, "ఎవుడయ్యా ఈడు, పెట్టి ఎత్తడం కూడా రాదు?" అంది.

బావ తాడు బిగిస్తూనే చెప్పాడు. "కొత్త కిలీనర్. ఎందుకూ పనికిరాడు. మా ఆవిడి తమ్ముడని పెట్టుకున్నాను."

తర్వాతెప్పుడో పర్మినెంట్ కాగితం కూడా వచ్చింది, అదెక్కడ పెట్టానో ఇప్పుడు గుర్తులేదు. చేపనీళ్లు కారే చొక్కాతో, ఆ మాటకి పళ్లికిలిస్తూ నిలబడ్డ ఆ వెర్రి ఇంజనీరు తలపుకొస్తే మాత్రం తిట్టబోయి నవ్వేస్తుంటాను.