మూడో అంకంలో పాట

నెవెనా కూర్చుని తినగా ప్లోవ్‌దివ్ నగరంలో ఎవరూ చూడలేదు. పొద్దున రేడియోలో పాడటం, మధ్యాహ్నం నాటకశాలలో రిహార్సలు, ఆ రెంటి నడుమ ట్రాలీబస్సులో నిలబడి బనిత్సా అనే జున్ను రొట్టె కొరుకుతూ, నూనె వేళ్లతోనే నాటకాల రాత. నలభై ఏడేళ్లొచ్చినా కోటు బొత్తాలు సగమే పెట్టుకుంటుంది. ఈసారి నాటకం తనే రాసి, అందులో తల్లి వేషం తనే వేసింది. మూడో అంకంలో ఆ తల్లి పాడాలి.

"అక్కడ కథ ఆగిపోతోంది నెవెనా, పాట తీసెయ్," అన్నాడు దర్శకుడు కమెన్.

రాసిన మనిషిగా ఆ మాట నిజమని ఆమెకు తెలుసు. తన చేత్తోనే పాట కొట్టేసింది. ఆ తర్వాత వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆ పాటే గొణుక్కుంది.

"కదలకుండా నిలబడవే తల్లీ, సూది గుచ్చుకుంటుంది!" అని వేషాలు సర్దే పెనా పెద్దమ్మ విసుక్కుంది.

తొలి ప్రదర్శనలో మూడో అంకం రాగానే నెవెనా మాట మధ్యలో ఆపి, పాట మొత్తం పాడేసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర పడగానే కమెన్ ఎర్రబడ్డ మొహంతో పరుగెత్తుకొచ్చాడు.

"తీసేశాం కదా! నన్ను వెర్రివాణ్ణి చేస్తావా?"

"తర్వాత తిట్టు," అంది నెవెనా, అవతల చప్పట్లు ఇంకా మోగుతుంటే కాగితం కోసం తడుముకుంటూ. "నువ్వన్నది నిజమే. రెండో చరణంలో కథ ఆగిపోయింది. రేపటికి మార్చేస్తాను."