ఐసీయూ ఆంటీ తిరగేసి చదివిన కథ

ఆ రోజుల్లో నా భయాలకు ఒక వరస అంటూ ఉండేది కాదు. మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో అమ్మ నర్సు. నేను నరసాపురం నుంచి ఆవిడ దగ్గరకు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతుందని భయం, స్కూలు బస్సు నన్ను వదిలేసి పోతుందని భయం, ఇంగ్లీషులో నోరు తెరిస్తే వెనక బెంచీ నవ్వుతుందని భయం (ఈ చివరిది ఉత్త భయం కాదు, రోజూ జరిగేదే). ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లను పిలిచి కూర్చోబెట్టి ఓ గ్లాసు మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది. అప్పట్లో నాకున్న ధైర్యమంతా బస్సులో నా పక్క సీటులో కూర్చునే హైదరాబాదు పిల్ల. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకునేది కాబట్టి నేను ‘చష్మా’ అనేదాన్ని. స్కూలు మొత్తం మీద నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఒక గురువారం (అక్కడ శుక్ర, శనివారాలు సెలవు) చష్మా తన సంచీలోంచి ఇంగ్లీషులోకి మార్చిన జపాను మాంగా పుస్తకాల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. “నీకు ఏడ్పించేది కావాల్నా, నవ్వించేది కావాల్నా, ఆకలి పుట్టించేది కావాల్నా?” అంది. బొమ్మల పుస్తకాలు కదా, అన్నీ చిన్నపిల్లల కథలే అయి ఉంటాయన్నాను. “అట్లెట్లుంటది? వాళ్ళ దగ్గర తాతలకు గూడ ఉంటయ్. ఇది దయ్యాలది. ఇది ఒకాయన ఊరూరు తిరిగి నూడుల్సు తింటుంటడు, అంతే, ఇంకేం గాదు. దీంట్ల ముసలాయన, ముసలామె ప్రేమల పడ్తరు. ఇది బంతాట. ఇది దవాఖానా కథ, నేను ఏడ్సిన.” తర్వాత వాళ్ళక్క ఎక్కడో వినేస్తుందన్నట్టు గొంతు తగ్గించింది. “మా ఆపావి. ఆమెకు తెల్వకుండ తెచ్చిన. ఐతారం పొద్దున బస్సుల నా చేతిల ఉండాలె, లేకుంటే నీతోని మాట్లాడ. కుడి దిక్కు నుంచి తెరవాలె, మర్సిపోకు.”

ఇంటికొచ్చాక అమ్మ డ్యూటీ నుంచి వచ్చేలోపు అన్నీ నమిలేశాను. ఆస్పత్రి కథలో ఒక నాన్న, కూతురి చెయ్యి పట్టుకుని రైలెక్కి సముద్రం చూడ్డానికి వెళతాడు. తిరిగొచ్చాక జబ్బు పడతాడు, గొట్టాలు వేస్తారు, మానిటర్ మీద గీత సాపు అయిపోతుంది, ముఖం మీద తెల్లగుడ్డ కప్పుతారు. కళ్ళు తుడుచుకుని పుస్తకాలన్నీ బీరువాలో మడత దుప్పట్ల మధ్య దాచాను. నా తెలివితేటలు ఎంతటివంటే, మర్నాడు సాయంత్రం ప్రార్థన కూడిక మా ఇంట్లోనేననీ, కింద పరిచేది ఆ దుప్పట్లేననీ నాకు తట్టనే లేదు.

మా కూడికలో పెద్దవాళ్ళకు పేర్లుండవు, వార్డులుంటాయి. లేబర్ రూమ్ ఆంటీ, డయాలసిస్ అంకుల్, ఇలాగ. ప్రార్థన నడిపించేది మాత్రం మైక్ అంకుల్ (మా హాలులో గుసగుసలాడినా వంటింట్లోకి వినిపిస్తుంది, అయినా ఆయనకు మైకు కావాల్సిందే). ఐసీయూ ఆంటీ అందరికంటే పెద్దది. ముందటేడు రాజమండ్రిలో ఆవిడ భర్త పోయినప్పుడు ఆవిడ ఇక్కడ డ్యూటీలో ఉంది. టికెట్ దొరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచి కూడికకు వస్తుంది, చివర గోడకు ఆనుకుని కూర్చుంటుంది, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే తల అడ్డంగా ఊపుతుంది. కూడికలో ఆవిడ గొంతు మేమెవరం వినలేదు.

అమ్మ దుప్పటి దులిపింది. పుస్తకాలు మైక్ అంకుల్ కాళ్ళ దగ్గర పడ్డాయి. అన్నిటికంటే పైన కొమ్ముల దయ్యం. అమ్మ వీటిని చెత్తబుట్టలో వేస్తుంది, చష్మా మాట్లాడదు, ఆదివారం నుంచి బస్సులో నా పక్కన స్కూలు సంచీ తప్ప ఎవరూ ఉండరు. ఒక్క క్షణంలో ఇదంతా కళ్ళముందు తిరిగింది. కూలబడినట్టు నటించి దయ్యం మీద కూర్చున్నాను.

“ఏంటే ఇవి?” అంది అమ్మ.

“జపాను కథలమ్మా. అన్ని రకాలూ ఉంటాయి. ఇది వంటది, ఇది ఆటలది...”

“కింద పెట్టుకుని కూర్చున్నదేం రకం?”

నేను నోరు తెరిచేలోపు గోడ దగ్గర్నుంచి ఒక చెయ్యి వచ్చి అట్టకు రెండు వైపులా నర్సు బొమ్మున్న ఆస్పత్రి పుస్తకాన్ని తీసుకుంది. ఐసీయూ ఆంటీ. ఇంగ్లీషు పుస్తకం కదా అని మామూలుగానే ఎడమవైపు నుంచి తెరిచింది. అక్షరాలు సరిగా ఆనక బొమ్మలే చూస్తోంది. “పాపం, ముఖం మీద గుడ్డ కప్పేశారు,” అంది. పేజీ తిప్పింది. “ఉండండి ఉండండి, బీట్ వచ్చింది. చూడు చెల్లీ, మానిటర్ మీద బీట్.” లేబర్ రూమ్ ఆంటీ జరిగి భుజం మీంచి తొంగిచూసింది. ఐసీయూ ఆంటీ ఆపలేదు. “ట్యూబ్‌కి టేపు ఇలా వేస్తారా ఎవరన్నా? మన దగ్గరైతే ఇన్‌ఛార్జి చంపేస్తది. అదిగో, కళ్ళు తెరిచాడు. ట్యూబు తీసేశారు. జావ తాగుతున్నాడమ్మా.” గది గదంతా ఆవిడ చుట్టూ చేరింది. చివరి పేజీలో ఆయన కూతురి చెయ్యి పట్టుకుని రైల్లో నవ్వుతున్నాడు. ఆంటీ కళ్ళు తుడుచుకుంది. మైక్ అంకుల్ తాను రాసుకొచ్చిన ప్రసంగం జేబులో పెట్టేసి, నిరీక్షణ గురించి, అంటే ఆశ వదులుకోకపోవడం గురించి, మాట్లాడాడు. ఆ రోజు సాక్ష్యం ఐసీయూ ఆంటీ చెప్పింది, తన భర్త గురించి, మొదటిసారి, మైకు లేకుండా.

నేను మాత్రం ఆ పుస్తకం మీంచి చూపు తిప్పలేదు. ఎవరో ఒకరు కుడివైపు నుంచి తెరిస్తే? ఆయన పోయాడని ఆవిడకు తెలిస్తే? వెళ్ళేటప్పుడు ఆంటీ “ఇది మా వార్డులో నర్సు పిల్లలకు చూపిస్తానే అమ్మడూ,” అని పుస్తకం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. అమ్మ “తీసుకెళ్ళక్కా, దానికేముంది,” అంది. దానికేముందో నాకు తెలుసు, ఆదివారం ఉంది.

అందరూ వెళ్ళాక ఏడుస్తూ అమ్మకు అంతా చెప్పాను. అమ్మ దుప్పట్లు మడతపెడుతూ, “అది కుడి నుంచి చదవాలని నాకు అప్పుడే తెలిసింది. పేజీ అంకెలు వెనక్కి నడుస్తున్నాయి, మా అరబిక్ కాగితాల్లాగే,” అంది.

“మరి చెప్పలేదేం?”

“ఎంతమందికో ఊపిరి నిలబెట్టింది, సొంత మనిషి దగ్గర లేకపోయింది. ఒక్కసారైనా ఆయన లేచి కూర్చోవడం చూడనియ్యి.” ఆ తర్వాత, “ఆ దయ్యాలది మాత్రం నా ఇంట్లో ఉండకూడదు,” అంది.

ఆదివారం బస్సులో మిగతా పుస్తకాలిచ్చి, సంగతంతా చెప్పాను. చష్మా కళ్ళద్దాలు తీసి చున్నీతో చాలాసేపు తుడిచింది. “ఆమెనే ఉంచుకోమను. ఆపాకు నేను ఏదో ఒకటి చెప్త,” అని, నేను పక్కన కూర్చోవడానికి సంచీ పక్కకు జరిపింది.

ఐసీయూ ఆంటీ రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయింది. పెట్టెలో పుస్తకం కూడా వెళ్ళింది. నా జీతంతో నేనే మాంగాలు కొనుక్కునే రోజులొచ్చాయి, నా భయాలు కూడా నాతోపాటే పెద్దవయ్యాయి. మస్కట్‌లోనే, రూవి బజారులో ఒక షాపులో మొన్న ఆ పుస్తకం కనిపిస్తే, పక్కన ఎవరూ లేరని చూసుకుని, ఎడమవైపు నుంచి తెరిచాను. ఆయన ముఖం మీద గుడ్డ తీశారు. అక్కడే నిలబడి, ఆయన రైలెక్కేదాకా పేజీలు తిప్పాను.