వందకొక గుర్తుకాయ

జీవరాజు మాస్టారు ఎర్ర పెన్ను వాడరు. ముప్పై ఏళ్లుగా చిన్న పిల్లలకి లెక్కలు చెబుతున్నారు. ఇప్పుడు రావులపాలెం దాటాక కాలవ గట్టు మీది బడిలో పని. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. పిల్లలు తప్పు చేస్తే ఆయన దాన్ని కొట్టేయరు. పక్కన కూర్చుని, "ఇది ఎలా వచ్చిందో చెప్పు," అంటారు. తర్వాత వింటారు. కొన్నిసార్లు ఒక్క లెక్కతోనే పీరియడ్ అయిపోతుంది.

మార్చిలో ఒక రోజు నాలుగో తరగతికి పుస్తకంలోని లెక్క ఇచ్చారు. గోనెకి వంద కొబ్బరికాయలు. పన్నెండు గోనెల్లో ఎన్ని? దుర్గాసాయి అనే అమ్మాయి పన్నెండు వందల పన్నెండు అని రాసింది.

మాస్టారు పక్కన కూర్చున్నారు.

"పన్నెండు ఎక్కువెందుకు వచ్చాయమ్మా?"

"గుర్తుకాయలండి."

"అవేంటి?"

ఆ అమ్మాయి ఆయన్ని జాలిగా చూసింది. వాళ్లమ్మ సూర్యకళ కొబ్బరికాయల రాశి దగ్గర కాయలు ఎంచుతుంది. రెండేసి కాయలు విసురుతూ, వంద అవగానే ఒక కాయ విడిగా పక్కన పెడుతుంది. పని అయ్యాక పక్కన ఎన్ని కాయలుంటే అన్ని వందలు.

"అవి కూడా కాయలే కదండీ? వాటిని లెక్కలో వేయకపోతే ఎలా?"

మాస్టారు బోర్డు మీద 1212 రాశారు. ఆ అమ్మాయి చేతే అందరికీ చెప్పించారు. పుస్తకంలోని గోనెలకి గుర్తుకాయలు లేవని చివరికి పిల్లలే తేల్చారు. దుర్గాసాయి ఒప్పుకుంది. "అయితే పుస్తకం వాళ్లు ఎంచలేదండి. అనుకున్నారంతే," అంది.

మర్నాడు సూర్యకళ బడికి వచ్చింది.

"మాస్టారండీ, మా పిల్ల తప్పు చేస్తే దాన్ని మీరు బోర్డు ఎక్కించారంట."

"మంచి తప్పమ్మా అది."

"మంచి తప్పేంటండీ! ఇంకో పదిహేను రోజుల్లో గురుకులం పరీక్ష. దిద్దేది మెషీనంట కదా. ఆ మెషీనొచ్చి మా రాశి దగ్గర కూర్చుంటుందా?"

మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. సూర్యకళ నవ్వడం లేదు. పనుల రోజుల్లో ఆమె తెల్లవారకముందే లారీ ఎక్కుతుంది. ఏ ఊళ్లో రాశి పోస్తే ఆ ఊరు. సీటు వస్తే కూతురికి హాస్టలు, తిండి, చదువు. రాకపోతే వెంట తిప్పుకోవాలి. రాశి దగ్గరున్న పిల్ల చేతులు ఊరికే ఉండవు.

"ఆలోచిస్తానమ్మా," అన్నారు మాస్టారు.

"మీ పద్ధతి మంచిదేనండి. సీటొచ్చాక చూపించండి," అని వెళ్లిపోయింది.

మాస్టారు ఇంటికి వెళ్లి భార్య సంపూర్ణమ్మకి చెప్పారు. ఆవిడ వంకాయలు తరుగుతోంది.

"మీరేమన్నారు?"

"ఆలోచిస్తానన్నాను."

"మీకు రెండేళ్లలో అయిపోతుంది. ఆ పిల్లకి ఇంకా మొదలే కాలేదు. ఆలోచించే తీరిక మీకుంది. దానికి లేదు."

తన తప్పు పిల్ల తనే పట్టుకోవాలి, అంతవరకూ మాస్టారు ఆగాలి. ఇదే ఆయన నమ్మకం. ఆ ఆగడం వల్ల ఇన్నేళ్లలో తనకి పోయిందేమీ లేదని, పోతే పిల్లలకే పోతుందని ఆయనకి మొదటిసారి తోచింది.

మర్నాటి నుంచి బడి వదిలాక దుర్గాసాయిని కూర్చోబెట్టారు. ఫోనులో టైమర్ పెట్టారు. యాభై ప్రశ్నలు. పెన్నుతో గుండ్రాలు నింపడం. రానిది వదిలేసి ముందుకి పోవడం. గుణకారానికి అడ్డదారులు. "ఎందుకండీ?" అని ఆ అమ్మాయి అడిగితే, "ఇప్పుడు కాదమ్మా, తర్వాతది చెయ్యి," అన్నారు. మొదటి రోజు ఆ మాట తొమ్మిదిసార్లు అన్నారు. మూడో రోజు రెండుసార్లు. అయిదో రోజు అనాల్సిన పని లేకపోయింది. ఆ అమ్మాయి అడగడం మానేసింది. మార్కులు పెరిగాయి.

మేలో సీటు వచ్చింది. సూర్యకళ ఒక అత్తం చక్రకేళి అరటిపళ్లు తీసుకుని మాస్టారింటికి వచ్చింది.

"ఇన్నాళ్లకి దారిలో పడ్డారు మాస్టారూ! వచ్చే ఏడు మా చెల్లెలి పిల్లకీ ఇలాగే చెప్పాలండి."

"చెబుతాను. ఒకటి అడగనా? బడులు తెరిచేలోపు దుర్గని రోజూ పొద్దున్నే ఒక గంట ఇక్కడికి పంపు."

"సీటొచ్చేసింది కదండీ, ఇంకా దేనికి?"

"నేను దాని నోరు మూయించానమ్మా. అలాగే హాస్టలుకి పంపలేను."

సూర్యకళకి అర్థం కాలేదు. అయినా, "ఎండలో తిరగడం కంటే నయమే లెండి," అంది.

దుర్గాసాయి వచ్చి వరండాలో గచ్చు మీద కూర్చునేది. లెక్క ఇస్తే వెంటనే జవాబు చెప్పి, తర్వాతదాని కోసం చూసేది. అన్నీ ఒప్పే. "ఎలా వచ్చింది?" అంటే, "వచ్చేసిందండి," అనేది. వారం అలాగే గడిచింది. మాస్టారు లెక్కలు తగ్గించారు. గంటకి ఒకటే ఇచ్చారు. జవాబు చెప్పాక కూడా గంట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు.

"లెక్కలా, ప్రార్థనా?" అంది సంపూర్ణమ్మ లోపల్నుంచి.

తొమ్మిదో రోజు ఇచ్చిన లెక్క ఇది. ఒక మనిషి రోజుకి ముప్పై అయిదు కొబ్బరిచెట్లు ఎక్కి కాయల దింపు తీస్తాడు. జూన్ నెలలో ఎన్ని చెట్లు ఎక్కుతాడు?

"వెయ్యీ యాభై అండి."

మాస్టారు ఎప్పటిలాగే కూర్చుండిపోయారు. ఆ అమ్మాయి గోడకి ఆనుకుంది. సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీసింది. తుడిచింది. వీధిలో ఒక ఆటో పోయింది.

"జూన్ నెలా అండీ?"

"అవును."

"అన్ని రోజులూ ఎలా ఎక్కుతాడండీ? వాన పడితే మాను జారుతుంది. మా మావయ్య వాన రోజు చెట్టు ముట్టుకోడు."

"మరి వెయ్యీ యాభై అన్నావు?"

"అది పరీక్షకండి."

మాస్టారు కుర్చీలోంచి లేచి ఆ అమ్మాయి పక్కన గచ్చు మీద కూర్చున్నారు. కూర్చోవడానికి కొంచెంసేపు పట్టింది.

"పోయిన జూన్‌లో మీ మావయ్య ఎన్ని రోజులు ఎక్కాడు?"

"తెలీదండి. అడిగి రానా?"

"ఇప్పుడా?"

"ఇంట్లోనే ఉన్నాడండి."

ఆ అమ్మాయి అప్పటికే లేచి నిలబడింది. మాస్టారు గోడకి వేలాడుతున్న గొడుగు చూపించారు.

"ఎండగా ఉంది. అది తీసుకెళ్లు."