ఇనుప అంగి తొడుక్కున్న నర్సింలు

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వినడానికి చిన్నదే. "కరెంటు పోయింది" అన్నాను, అంతే. మన దగ్గర రోజుకు పదిమంది అనే మాట. కానీ ఆ మాట అన్న నాటి నుంచి పటాన్‌చెరు కూరగాయల మార్కెట్లో ఒక తెల్ల తలపాగా కనబడితే చాలు, నా కాళ్లు వాటంతట అవే పక్క సందులోకి తిరుగుతాయి. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అదీ నా బతుకు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నర్సింలుదీ నాదీ ఒకటే కంపెనీ, వాల్వులు చేసే చిన్న షెడ్డు. వాడు లేత్ మిషన్ మీద, నేను చెకింగులో. వాడు కోసిన ముక్కను నేను కొలవాలి, తేడా ఉంటే పక్కన పడేయాలి. పడేసినప్పుడల్లా వాడు నన్ను తిట్టేవాడు, మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలో కూర నాకే ముందు పెట్టేవాడు. వాడి ఊరు కర్దనూర్. తల్లి లేదు. తండ్రి మల్లయ్య, ఒకప్పుడు పొలం కూలీ, తరువాత ఒక కంపెనీలో మొక్కలకు నీళ్లు పట్టేవాడు. ఒక్కడే కొడుకు.

ఆదివారం పొద్దున మేమిద్దరం బస్టాండు వెనక నెట్ సెంటర్‌కు పోయేవాళ్లం. ముందు భాగమంతా ఆన్‌లైన్ ఫారాలు, జిరాక్సులు. మూలన ఒక పాత కంప్యూటర్, అందులో ఒక పాత ఆట. బొమ్మలన్నీ గళ్లు గళ్లుగా ఉండేవి. ఏదో ఎర్ర గ్రహం, దాని మీద పురుగుల్లాంటి శత్రువులు, మన తరఫున నలుగురు సైనికులు. ఒక్కొక్కరికి బ్యాటరీతో నడిచే ఇనుప కవచం. అది తొడుక్కుంటే మనిషి లారీని కూడా ఎత్తేస్తాడు. నర్సింలు దాన్ని ఇనుప అంగి అనేవాడు. ఒక సైనికుడికి వాడి పేరు, ఒకడికి నా పేరు, మిగతా ఇద్దరికి మా సూపర్‌వైజర్ల పేర్లు పెట్టాం. సూపర్‌వైజర్లను ముందుకు తోసి మేం వెనక నడిచేవాళ్లం.

ఆ ఆటకు ఒక కఠినమైన పద్ధతి ఉంది. చచ్చినవాడు మళ్లీ రాడు. మిషన్ వాడి పేరును ఒక పట్టీలో రాసి, మిగతాదంతా అప్పటికప్పుడు తుడిచేస్తుంది. ఇంకో తమాషా కూడా ఉంది. సైనికుడికి మన గొంతే పెట్టొచ్చు, వాడు చస్తే ఆ గొంతూ తుడిచిపెట్టుకుపోతుంది. నర్సింలు సెంటర్‌లో ఉన్న అతుకుల హెడ్‌ఫోన్ మైకు పట్టుకుని, నవ్వాపుకుంటూ రెండు మాటలు పెట్టాడు. ముందుకు పంపితే "పోతున్న, ఆగుర్రి జెర" అంటాడు. దెబ్బ తగిలితే "ఓ నాయినా!" అంటాడు. మా వైపు నాయినా అంటే తండ్రి.

ఆ ఎండాకాలంలో షిఫ్టు దిగి బండి మీద పోతుంటే నర్సింలును హైవే మీద ట్యాంకరు గుద్దింది, అక్కడికక్కడే పోయాడు. వాడి ఫోను కూడా నుజ్జయింది. పదో రోజు మల్లయ్య కాక నా చెయ్యి పట్టుకుని, "వాని మాట ఒక్కటన్న ఎక్కడన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. ఉంది, చూపిస్తానన్నాను. మంచి మనసుతోనే అన్నాను. ఈ కథలో నేను మంచి మనసుతో చేసిన పని అదొక్కటే కాబట్టి కాస్త గట్టిగా చెప్పుకుంటున్నాను.

ఆ తరువాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. షేర్ ఆటో దిగి, సెంటర్ గుమ్మం బయట చెప్పులు విడిచేవాడు. అక్కడ ఎవరూ చెప్పులు విడవరు. నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. నేను నర్సింలును నాలుగడుగులు నడిపించేవాణ్ని. "పోతున్న" అనగానే ఆయన తల ఊపేవాడు. కానీ ఆయనకు కావలసింది రెండో మాట. అది రావాలంటే దెబ్బ తగలాలి. కాబట్టి వారం వారం నేను నర్సింలును పురుగుల ముందు నిలబెట్టి కొట్టించేవాణ్ని. "గట్టిగ తగలనియ్యకు బిడ్డా" అనేవాడు కాక. తగిలి, వాడు పిలవగానే, ఈయన చిన్నగా "ఆఁ" అని పలికేవాడు. కొడుకు పిలిస్తే తండ్రి పలికినట్టే. నేను తెర వైపే చూస్తూ ఉండేవాణ్ని.

మొదటి నెల నాకు కళ్లనీళ్లు వచ్చాయి. రెండో నెల రాలేదు. మూడో నెలకు విసుగొచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా దండగ. ఆట ఆగిపోయింది కదా! అప్పటికి నేను చివరి ఘట్టం దాకా వచ్చి ఉన్నాను. శత్రువుల కోటకు ఒక ఇనుప తలుపు ఉంది. నలుగురిలో ఒకడు దాన్ని భుజాల మీద ఎత్తిపట్టుకోవాలి, మిగతా ముగ్గురు లోపలికి పోవాలి. ఎత్తినవాడు దాని కిందే పోతాడు. సూపర్‌వైజర్ల కవచాలు పనికిరావు. నిలవగలిగేది ఇద్దరే, నా సైనికుడు, నర్సింలు.

పెత్రమాస దగ్గర పడింది. పోయినవాళ్ల పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య. కాక ఇవ్వనన్నాడు. "గొంతు ఇనబడుతుంటె బియ్యం ఎట్లిస్తర్రా?" అని చుట్టాలతో కొట్లాడాడు. వాళ్లు నా దగ్గరకొచ్చి, ఆయనకు ఈ పిచ్చి పట్టించింది నువ్వే అన్నారు. నాకు అంతకంటే మంచి సాకు ఏం కావాలి? ముసలాయన మంచికే, ఎన్నాళ్లిలా, ఒకసారి తెగిపోతే ఆయనా కుదుటపడతాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దమనిషిలా తల పంకించాను కూడా.

ఆ శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి సెంటర్‌కు పోయాను. ఫోనును కంప్యూటర్ ముందు నిలబెట్టి వీడియో పెట్టాను. గెలిస్తే షెడ్డులో అందరికీ చూపించాలి కదా. తలుపు దగ్గరికి నలుగురినీ నడిపించాను. నా సైనికుణ్ని నిలబెట్టొచ్చు. బ్యాటరీ సరిపోయేది. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా సరిపోయేదే. కానీ వాడు నా పేరు పెట్టుకున్నవాడు, గెలుపు పట్టీలో నా పేరు ఉండాలి. నర్సింలును నిలబెట్టాను. ముగ్గురం లోపలికి పోయాం. తలుపు వాడి మీద పడింది.

మర్నాడు కాక వచ్చాడు. నేను గుమ్మంలోనే ఎదురెళ్లాను. ఆయన అప్పటికే ఒక చెప్పు విడిచాడు.

"కాకా, నిన్న కరెంటు పోయింది. మిషన్ల ఉన్నదంత పోయింది."

"కరెంటు మల్ల వచ్చినంక గూడ రాడా?"

"రాడు కాకా."

"గొంతు గూడ పోయిందా?"

"గొంతు గూడ."

ఆయన చాలాసేపు ఆ మూలనున్న కంప్యూటర్ వైపు చూశాడు. దానిలో వేరెవరో ఏదో ఫారం నింపుతున్నారు. తరువాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ తియ్యి బిడ్డా. కరెంటుకు మనమేం జేస్తం? నువ్వు పరేషాన్ గాకు. ఇన్ని దినాలు వాన్ని కాపాడినవ్, గదే శాన."

తిట్టి ఉంటే బాగుండేది. అనుమానించినా బాగుండేది. నన్నే ఓదార్చాడు. ఆ పెత్రమాసకు బియ్యం ఇచ్చాడు, పళ్లెం పట్టుకోవడానికి నన్నే పిలిచాడు, దోస్తువు గదా అన్నాడు. పట్టుకున్నాను. ఇచ్చి వచ్చాక వాళ్లింట్లో అన్నం కూడా తిన్నాను. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. ఏం మనిషిని నేను? ఆ ముద్ద ఎలా దిగింది?

సెంటర్ ఇప్పుడు లేదు, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన మంచికే చేశానన్న మాటను ఈ ఐదేళ్లలో చాలాసార్లు నిజం చేయాలని చూశాను. కుదరలేదు. ఎందుకంటే నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ వీడియో.

అది ఇప్పటికీ నా ఫోనులో ఉంది. ఫోను మార్చినప్పుడల్లా దాన్నీ మార్చుకున్నాను. అందులో తలుపు పడేటప్పుడు నర్సింలు తండ్రిని పిలుస్తాడు. గొంతు పోలేదు. ఏ రోజూ పోలేదు. ఇచ్చేయొచ్చు కదా అంటారు మీరు. ఇవ్వొచ్చు. కానీ వాడి పిలుపు సగంలో ఉండగానే ఇంకో గొంతు వినబడుతుంది. అది నాది. "గెలిచిన, గెలిచిన!" అని కేక. వాడి పిలుపును నా కేక నుంచి విడదీయాలని చూశాను, నాకు చేతకాలేదు. ఇంకొకరికిచ్చి చేయించుకోవాలంటే వాళ్లకు వినిపించాలి. ఆ సంతోషాన్ని ఎవరు విన్నా నేను చచ్చిపోతాననిపిస్తుంది. అది నటన కాదు. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

పోయిన నెల మార్కెట్లో తప్పించుకోవడానికి సందు దొరకలేదు. ఎదురుగా వచ్చాడు. "కాకా" అన్నాను. పలకలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. పక్కనున్న కూరలామె, ఆయనకు ఇనబడది, జెర దగ్గరికి పోయి చెప్పు అంది. ఈ ఏడాదిలోనే చెవులు పోతున్నాయట, ఒకటి పూర్తిగా పోయిందట. దగ్గరికి పోయాను. నన్ను చూసి నవ్వాడు, సంచిలోంచి రెండు జామకాయలు తీసి చేతిలో పెట్టాడు. ఫోను నా జేబులోనే ఉంది. తీయలేదు.

ఇదంతా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక కూడా ముందు నాకే దక్కింది. ఆయన రెండో చెవి ఇంకా కొంచెం వింటుంది.